మిర్చి యార్డు ఫోనుకు వైర్‌లెస్ ఛార్జింగ్ పనికొస్తుందా?

మీరు అడిగింది ముందు ఒకసారి చెప్పేస్తాను, చదివే మిగతావాళ్లకు కూడా అర్థమవుతుంది. మీ నాన్నగారు గుంటూరు మిర్చి యార్డులో ఒక కమిషన్ కొట్టులో గుమాస్తా. ఏడాదిన్నరలో రెండుసార్లు ఫోన్ ఛార్జింగ్ పిన్ను, అంటే కేబుల్ దూర్చే రంధ్రం, మార్పించారు. ఈసారి వైర్‌లెస్ ఛార్జింగ్ ఉన్న ఫోన్ కొందామని మీ ఆలోచన. దానివల్ల బ్యాటరీ పాడవుతుందని షాపులో ఎవరో అన్నారు. రేడియేషన్ అని అమ్మగారి భయం. ఇంట్లో నాయనమ్మగారికి పేస్‌మేకర్ ఉంది. కొనొచ్చా, కొంటే ఏ ఛార్జర్ తీసుకోవాలి, ఇదీ ప్రశ్న.

కొనొచ్చు. కానీ ఆ పిన్ను బాధ తప్పించుకోవడానికి కొనండి. స్పీడుగా ఎక్కుతుందనో, చూడ్డానికి స్టయిల్‌గా ఉంటుందనో అయితే వద్దు. నేను విజయవాడ గవర్నర్‌పేటలో ఇరవై ఏళ్లకు పైగా ఫోన్లు విప్పుతున్నాను. కీప్యాడ్ నోకియాల కాలం నుంచి చూస్తే, నా బల్ల మీదికి వచ్చే ఫోన్లలో డిస్‌ప్లే పగిలినవి మొదటి వరస, ఛార్జింగ్ పిన్ను పోయినవి రెండో వరస. ఆ రెండో వరసను తగ్గించే వస్తువు ఇది. మా కడుపు కొట్టేదే, అయినా మంచిదే అంటున్నాను.

యార్డు ఫోన్లు నాకు కొత్త కాదు. ఒక ఫిబ్రవరిలో, సీజన్ మంచి ఊపులో ఉండగా, మీ ఊరి నుంచి ఒకాయన వచ్చి ఫోన్ కౌంటర్ మీద పెట్టాడు. కేబుల్ సగం వరకే దూరుతోంది, ఒక పక్కకి వంచి పట్టుకుంటేనే ఛార్జింగ్ ఎక్కుతోంది. ఫోన్ ఆఫ్ చేసి లెన్సు కింద చూస్తే టైప్-సి రంధ్రం అడుగున ఇటుక రంగు ముద్ద ఒకటి. మిరప పొడి, జేబులోని నూలు పీచు, చెమట, ఈ మూడూ కలిసి, కేబుల్ పెట్టినప్పుడల్లా లోపలికి దట్టించుకుపోయి గట్టిపడ్డాయి. చెక్క పుల్లతో కొద్దికొద్దిగా పెళ్లగిస్తుంటే మా కుర్రాడు తుమ్ములు మొదలుపెట్టాడు. పక్కన టెంపర్డ్ గ్లాస్ వేయించుకోవడానికి నిలబడ్డ అమ్మాయి కూడా అందుకుంది. ఫ్యాన్ కట్టేసి, ముక్కులకు కర్చీఫులు కట్టుకుని పని కానిచ్చాం.

ముద్ద తీశాక కూడా ఛార్జింగ్ సరిగ్గా ఎక్కలేదు. టైప్-సి రంధ్రం మధ్యలో సన్నటి నాలుక లాంటిది ఉంటుంది. దాని మీద 12, కింద 12, మొత్తం 24 కాంటాక్టులు. ఒక్కొక్కటి చాలా సన్నం. పొడికి చెమట తేమ తోడై, పైగా కరెంటు పారుతుంటే అక్కడ కిలుం పడుతుంది. ఆయన ఫోనులో రెండు కాంటాక్టులు పచ్చబడి తినేసి ఉన్నాయి. దానికి తోడు ఇంట్లో ఎవరో సేఫ్టీ పిన్నుతో గీకారు, నాలుక మీద గీత స్పష్టంగా కనిపిస్తోంది. ఇక ఆ రంధ్రం అమర్చి ఉండే చిన్న పట్టీ, అంటే స్ట్రిప్, మార్చడమే దారి. మీ నాన్నగారి ఫోన్ కథ కూడా ఇదే అయి ఉంటుంది. ఇలాంటి మనిషికి రంధ్రంతో పనే లేకుండా ఛార్జింగ్ ఎక్కితే అంతకంటే ఏం కావాలి?

ఇక అది ఎలా పనిచేస్తుందో చూద్దాం. ఇది తెలిస్తే మీ మిగతా అనుమానాల్లో సగం వాటంతటవే పోతాయి.

ఇంట్లో ఇండక్షన్ స్టవ్ ఉందా? దాని మీద స్టీలు గిన్నె పెడితే వేడెక్కుతుంది, సత్తు గిన్నె పెడితే కీక్ కీక్ అని ఆగిపోతుంది. గాజు పలక కింద రాగి తీగ చుట్ట ఒకటి ఉంటుంది. అందులో కరెంటు చాలా వేగంగా అటూ ఇటూ మారుతుంటే దాని పైన అయస్కాంత క్షేత్రం కూడా అలాగే మారుతూ ఉంటుంది. ఆ క్షేత్రంలో ఇనుము ఉన్న గిన్నె అడుగు పెడితే, అడుగులో కరెంటు పుట్టి వేడిగా మారుతుంది. ఇప్పుడు గిన్నె స్థానంలో ఇంకో రాగి చుట్ట పెట్టామనుకోండి, అందులో పుట్టిన కరెంటును వేడిగా పోనీయకుండా పట్టుకుని బ్యాటరీకి పంపొచ్చు. వైర్‌లెస్ ఛార్జింగ్ అంటే ఇంతే. 1831లో మైకేల్ ఫారడే కనిపెట్టిన సంగతి ఇది. మీ వీధి చివర స్తంభానికి వేలాడే ట్రాన్స్‌ఫార్మర్‌లో కూడా ఒక చుట్ట నుంచి ఇంకో చుట్టకు కరెంటు ముట్టుకోకుండానే వెళ్తుంది. ఆ ట్రాన్స్‌ఫార్మర్‌ని నిలువునా కోసి, ఒక ముక్క బల్ల మీద, ఒక ముక్క ఫోనులో పెట్టినట్టు ఊహించుకోండి.

తేడా వేగంలో ఉంది. ఇంటి కరెంటు సెకనుకు 50 సార్లు అటూ ఇటూ తిరుగుతుంది. ఫోన్ పైన పెట్టే పలక, అంటే మామూలు ఛార్జింగ్ ప్యాడ్‌లో అది లక్ష నుంచి 2 లక్షల సార్లు. అంత వేగం ఉంటే చిన్న చుట్ట, పలచటి చుట్ట సరిపోతుంది. ఫోన్ వెనక గ్లాసు విప్పితే బ్యాటరీ మీద అతికించి, అప్పడం అంత పలచగా కనిపిస్తుంది. దాని వెనక నల్లగా ఫెరైట్ రేకు ఒకటి ఉంటుంది, అయస్కాంత క్షేత్రం బ్యాటరీలోకీ బోర్డులోకీ చొరబడకుండా అడ్డు పడేది అదే. ఫోన్ వెనకభాగం మొత్తం లోహమైతే ఈ వ్యవహారం కుదరదు. ఈ ఛార్జింగ్ పెట్టాలనుకున్న కంపెనీలు గాజు వీపుకో ప్లాస్టిక్ వీపుకో మారింది అందుకే. కింద పడితే పగిలే గాజు మీద మీకు చిరాకు ఉంటే, కారణాల్లో ఇదొకటి.

ఇంకో ముఖ్యమైన సంగతి ఉంది, దీన్ని మీ యార్డు భాషలోనే చెప్తాను. ప్యాడ్ ఖాళీగా ఉన్నప్పుడు ఊరికే కరెంటు పారించదు. ఉండుండి ఒకసారి చిన్నగా తట్టి చూస్తుంది. పైన ఫోన్ ఉంటే ఆ కాస్త శక్తితోనే దాని చుట్ట మేలుకుని, ఉన్నాను, నాకు ఇంత కావాలి అని జవాబు పంపుతుంది. జవాబుకు వేరే రేడియో ఏమీ అక్కర్లేదు. ఫోన్ తను లాగే లోడును సన్నగా పెంచుతూ తగ్గిస్తూ ఉంటే ప్యాడ్ దాన్ని పసిగడుతుంది. ఆ తర్వాత ఛార్జింగ్ సాగినంతసేపూ నాకు ఇంత అందింది, ఇంత అందింది అని లెక్క చెబుతూనే ఉంటుంది. ఊళ్లో కాటా వేసి పంపిన బస్తా యార్డులో తక్కువ తూగితే రైతు ఏం చేస్తాడు? దారిలో ఎక్కడో పోయిందని అనుమానిస్తాడు. ప్యాడ్ కూడా అంతే. తను పంపినదానికీ ఫోన్ అందుకున్నానన్నదానికీ పొంతన కుదరకపోతే మధ్యలో ఏదో లోహం తినేస్తోందని అర్థం చేసుకుని ఆపేస్తుంది. మంచి ప్యాడ్‌కూ దొంగ ప్యాడ్‌కూ తేడా అంతా ఈ కాటా దగ్గరే. రోడ్డు పక్కన బుట్టలో పోసి అమ్మేవాటిలో ఈ లెక్క ఉండదు, ఉన్నా సరిగ్గా చెయ్యదు.

మా బావమరిది గన్నవరం ఎయిర్‌పోర్టుకు కారు తిప్పుతాడు. ఒకరోజు ప్యాడ్ పట్టుకొచ్చి, బావా ఇది డూప్లికేట్, రాత్రంతా పెట్టినా 30 శాతం కూడా ఎక్కలేదు, ఫోన్ మాత్రం పెనం అయిపోతోంది అన్నాడు. ప్యాడ్ చూస్తే మంచిదే, ఆగుతూ మళ్లీ మొదలవుతోంది. ఫోన్ పౌచ్ ఊడదీశాను. పౌచ్‌కీ ఫోనుకీ మధ్య రూపాయి బిళ్ల కంటే పెద్దది, గుండ్రటి ఇనుప రేకు. కారులో అయస్కాంతం హోల్డర్‌కి ఫోన్ అతుక్కోవడానికి పెట్టుకున్నాడట, పెట్టుకున్న సంగతి కూడా మర్చిపోయాడు. అది ప్యాడ్ మీద నుంచి అప్పుడే తీసిన ఫోన్. రేకు ముట్టుకుని చురుక్కుమంటే వేలు వెనక్కి లాగేసుకున్నాను. పౌచ్ లోపల ప్లాస్టిక్ మీద గోధుమ రంగు ఉంగరం పడిపోయి ఉంది. వాడు పొయ్యి మీద ఇనుప గిన్నె పెట్టినట్టే పెట్టాడన్నమాట, ఎసరు మాత్రం లేదు.

అందుకే నా దగ్గరికి వైర్‌లెస్ ఛార్జింగ్ ఫిర్యాదు ఎవరు తెచ్చినా ముందు పౌచ్ ఊడదీయమంటాను. మనవాళ్ల పౌచ్‌లలో ఏమేం ఉంటాయో ఒక పుస్తకం రాయొచ్చు. అమ్మవారి ఫోటో, మడిచిన పది రూపాయల నోటు, పెట్రోల్ బంకు బిల్లు, ఆధార్ కార్డు, రాగి యంత్రం. కాగితం ఫోటో అయితే ఫర్వాలేదు. బంగారు రంగు రేకు అద్దిన ఫోటో, రాగి యంత్రం, నాణెం మాత్రం పనికిరావు. ఏటీఎం కార్డు కూడా అక్కడ పెట్టకండి, దాని నల్ల పట్టీకీ చిప్‌కీ మంచిది కాదు. వెనక ఉంగరం అతికించుకుంటారు చూడండి, వేలు దూర్చి పట్టుకోవడానికి, అది ఉంటే ఛార్జింగ్ మాటే మర్చిపోండి. పౌచ్ 3 మిల్లీమీటర్ల లోపు ఉంటే సాఫీగా పనిచేస్తుంది. దూరం పెరిగేకొద్దీ అందేది గబగబా తగ్గిపోతుంది.

ఇప్పుడు బ్యాటరీ సంగతి. షాపులో అన్న మాట పూర్తిగా అబద్ధం కాదు, పూర్తిగా నిజమూ కాదు. తీగ లేకుండా వచ్చిన కరెంటు బ్యాటరీని చెడగొట్టదు. దానితోపాటు వచ్చే వేడి చెడగొడుతుంది. ఇంటి కరెంటు ముందు డీసీగా, అంటే ఒకే దిశలో పారే కరెంటుగా మారి, మళ్లీ వేగంగా అటూ ఇటూ తిరిగే ఏసీ కరెంటుగా మారి, గాల్లో దూకి, ఫోనులో మళ్లీ డీసీ అయి, అప్పుడు బ్యాటరీలో పడుతుంది. మెట్టు మెట్టుకూ కొంత కారిపోతుంది. 5000 ఎంఏహెచ్ బ్యాటరీ అంటే దాదాపు 19 వాట్-అవర్లు (వెయ్యి వాట్-అవర్లయితే బిల్లులో ఒక యూనిట్). దాన్ని నింపడానికి గోడ నుంచి కేబుల్ మీదైతే సుమారు 24, ప్యాడ్ మీదైతే సుమారు 32 లాగుతుందని నా మీటరు లెక్క. ఫోన్ సరిగ్గా మధ్యలో లేకపోతే ఇంకా ఎక్కువ. తేడా 8 వాట్-అవర్లు. రోజూ ఖాళీ నుంచి నిండా ఎక్కించినా ఏడాదికి 3 యూనిట్లు, ఒక ప్లేటు పునుగుల ఖర్చు. కాబట్టి కరెంటు బిల్లు గురించి ఆలోచించకండి. ఆ 8 ఎక్కడికి పోయిందో అది ఆలోచించండి. వేడిగా మారింది, అందులో మంచి భాగం ఫోన్ వీపుకూ ప్యాడ్‌కూ మధ్య ఇరుక్కుపోయింది.

చలి దేశంలో కూర్చుని రాసిన సమీక్షలు చదివి మనవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు. ఐఫోన్ తయారుచేసే కంపెనీయే దాన్ని 0 నుంచి 35 డిగ్రీల మధ్య ఉన్న చోట వాడమంటుంది. బెజవాడ ఎండ గురించి గుంటూరు వాళ్లకు చెప్పేదేముంది, మీదీ అదే కొలిమి. రోహిణి కార్తెలో డాబా ఇంట్లో రాత్రి పదింటికి గోడ ముట్టుకుంటే వేడి తెలుస్తూనే ఉంటుంది. ఛార్జింగ్ పెట్టకముందే ఆ గది 35 దగ్గర ఉంటుంది. దాని మీద ప్యాడ్ వేడి, దాని మీద రబ్బరు పౌచ్. లిథియం బ్యాటరీ లోపల జరిగే అరుగుదల వేడికి వేగం పుంజుకుంటుంది. నిండా ఎక్కి, వేడిగా ఉండి, గంటల తరబడి అలాగే ఉండటం అన్నిటికంటే చేటు. ఐఫోన్ 14 వరకు బ్యాటరీలు 500 సార్లు పూర్తిగా ఎక్కి దిగాక అసలు సామర్థ్యంలో 80 శాతం నిలిచేలా, 15 నుంచి 1000 సార్లకు అంత నిలిచేలా చేశారు. కానీ అది తగిన వాతావరణంలో వాడినప్పటి మాట. ఏసీ లేని గదిలో దిండు పక్కన ప్యాడ్ పెట్టుకుని పడుకునేవాళ్లకు ఆ లెక్క వర్తించదు.

ఫోన్ కూడా చేతులు కట్టుకుని కూర్చోదు. వేడి హద్దు దాటితే ఛార్జింగ్ నెమ్మదిస్తుంది, 80 దగ్గర ఆపేస్తుంది, మరీ ఎక్కువైతే పూర్తిగా మానేస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో నా దగ్గరికి వచ్చే, ప్యాడ్ పాడైపోయిందన్నా అనే ఫిర్యాదుల్లో చాలావాటికి కారణం ఇదే. ఏసీ గదిలో పెట్టి చూడండి అంటాను, మర్నాడు ఫోన్ చేసి బాగానే ఉందంటారు.

అందుకని నాన్నగారికి నేను చెప్పే పద్ధతి ఇది. పొద్దున యార్డుకు బయల్దేరే ముందు, స్నానం, టిఫిను అయ్యేలోపు ఓ గంట, గంటన్నర ప్యాడ్ మీద పెట్టమనండి. ఆ వేళకు ఇల్లు కాస్త చల్లగా ఉంటుంది. పౌచ్ తీసేసి, ఫ్యాన్ గాలి తగిలే చోట, చెక్క బల్ల మీద. పరుపు మీదా, సోఫా మీదా వద్దు. సెట్టింగ్స్‌లో 80 శాతం దగ్గర ఆపే ఆప్షన్ ఉంటే పెట్టేయండి. కొద్దికొద్దిగా పదిసార్లు ఎక్కిస్తే బ్యాటరీ పోతుందన్నది పాతకాలం మాట, ఇప్పటి బ్యాటరీలకు అదే మేలు. కొట్టులో గల్లాపెట్టె దగ్గర ఇంకో ప్యాడ్ పెట్టాలనుకుంటారేమో, రేకుల షెడ్డు కింద అయితే ఎండాకాలం మధ్యాహ్నం వద్దు.

ఏ ఫోన్, ఏ ప్యాడ్ అన్నది తొందరగా చెప్పేస్తాను. ప్యాడ్ డబ్బా మీద క్యూ, ఐ అనే రెండు అక్షరాలున్న గుర్తు చూడండి. దాన్ని చీ అని పలకాలి, చైనా భాషలో ప్రాణశక్తి లాంటి అర్థం. 2008లో కొన్ని కంపెనీలు కలిసి ఒక కూటమి పెట్టుకుని, 2010లో 5 వాట్లతో మొదలుపెట్టిన ప్రమాణం అది. 2012లో నోకియా లూమియా 920 దాంతో వచ్చింది, నేను మొదటిసారి ఆ చుట్ట చూసింది అందులోనే. అప్పట్లో ఇంకో పోటీ ప్రమాణం కూడా ఉండేది. 2017లో ఐఫోన్ 8, ఐఫోన్ 10 చీ వైపు రావడంతో ఆ తగాదా తీరిపోయింది. అదే ఏడాది ఆపిల్ మూడు వస్తువులను ఎక్కడ పెట్టినా ఎక్కించే పరుపు లాంటి ప్యాడ్ తెస్తామని ప్రకటించి, 2019 మార్చిలో మా ప్రమాణానికి తగ్గట్టు రాలేదంటూ రద్దు చేసుకుంది. ఎక్కడ పెట్టినా ఎక్కడం అంత తేలిక కాదని అక్కడే తెలిసిపోయింది. చుట్ట మీద చుట్ట సరిగ్గా కూర్చోవాల్సిందే. 2020లో ఐఫోన్ 12 వెనక అయస్కాంతాల వలయం పెట్టారు, టప్పున అతుక్కుని మధ్యలోకి వచ్చేస్తుంది. ఆ పద్ధతినే అందరికీ పనికొచ్చేలా 2023లో చీ 2 అని తెచ్చారు, 15 వాట్లు. 2025లో 25 వాట్లకు పెంచారు.

అయస్కాంతం ఉన్నదే తీసుకోండి. ఎందుకంటే బల్లపరుపు ప్యాడ్ మీద రాత్రి పెట్టిన ఫోనుకు నాలుగు వాట్సాప్ మెసేజీలు వస్తే ఆ వైబ్రేషన్‌కి జరిగిపోతుంది. పొద్దున లేచేసరికి 18 శాతం. యార్డు గ్రూపుల్లో తెల్లారకముందే రేట్లు పెట్టడం మొదలవుతుంది కదా, నాన్నగారి ఫోనుకు ఈ ప్రమాదం మరీ ఎక్కువ. ఫోనులో అయస్కాంతాలు లేకపోతే వలయం ఉన్న పౌచ్ దొరుకుతుంది. శాంసంగ్ ఎస్ 25 లాంటి వాటికి కూడా అదే దారి.

ఫోన్ విషయంలో మాత్రం చూసి కొనండి. బడ్జెట్ ఫోన్లలో చాలావాటికి ఇది లేదు. గెలాక్సీ ఎస్ సిరీస్‌లో ఉంటుంది, ఎ, ఎం సిరీస్‌లలో ఉండదు. పిక్సెల్ 7ఎ, 8ఎ లలో ఉంది, నథింగ్ ఫోన్ 1లో ఉంది. 2024లో ఇన్ఫినిక్స్ నోట్ 40 ప్రో ఇరవై వేల రేంజిలో అయస్కాంత ఛార్జింగ్ తెచ్చింది. బాక్సు మీద ఫాస్ట్ ఛార్జింగ్ అని ఉంటే అది కేబుల్ గురించి, దీనికీ దానికీ సంబంధం లేదు. సెకండ్ హ్యాండ్ ఐఫోన్ ఆలోచన ఉంటే డబ్బులిచ్చే ముందు షాపులోనే ప్యాడ్ మీద పెట్టి, ఐదు నిమిషాలు ఆగి చూడండి. బ్యాటరీయో వెనక గ్లాసో మార్చినవాడు వేడి గాలితో ఊడదీసేటప్పుడు చుట్ట చీరేసి, పైన కొత్త గ్లాసు అతికించి పంపిన ఫోన్లు నేను ఎన్నో చూశాను. పైకి ఏమీ తెలియదు.

అడాప్టర్ దగ్గర అందరూ ఒకే తప్పు చేస్తారు. కొత్త ప్యాడ్ తెచ్చి, డ్రాయర్‌లో పడి ఉన్న పాత 5 వాట్ల అడాప్టర్‌కి తగిలిస్తారు. కుండలో లేనిది గరిటెలోకి ఎక్కడి నుంచి వస్తుంది? 15 వాట్ల ప్యాడ్‌కి కనీసం 20 వాట్ల పీడీ (పవర్ డెలివరీ అనే టైప్-సి ఛార్జింగ్ పద్ధతి) అడాప్టర్ ఉండాలి. అంతా సరిగ్గా ఉన్నా 5000 ఎంఏహెచ్ ఫోన్ నిండడానికి రెండున్నర, మూడు గంటలు పడుతుంది. కొన్ని కంపెనీలు 50 వాట్ల వైర్‌లెస్ అంటాయి, అది వాళ్ల సొంత స్టాండు మీద, లోపల ఫ్యాన్ తిరుగుతుంటే వచ్చే స్పీడు. మామూలు ప్యాడ్ మీద రాదు.

అమ్మగారికి రేడియేషన్ గురించి ఇలా చెప్పండి. ఎక్స్‌రే లాంటివాటికి కణాలను దెబ్బతీసే శక్తి ఉంటుంది, ఈ ప్యాడ్ అయస్కాంత క్షేత్రానికి అది లేదు. పైగా దాని బలమంతా నాలుగు వేళ్ల ఎత్తులోనే, జానెడు దూరం పోయేసరికి చెప్పుకోదగ్గంత మిగలదు. వంటింట్లో ఇండక్షన్ స్టవ్ వందల వాట్లతో పనిచేస్తుంది, ఇది 15 వాట్లు. స్టవ్ ముందు నిలబడి పులుసు కలిపే అమ్మగారు ప్యాడ్ చూసి భయపడాల్సిన పని లేదు.

నాయనమ్మగారి విషయంలో మాత్రం నవ్వుతూ వదిలేయొద్దు. కొన్ని పేస్‌మేకర్లు అయస్కాంతం దగ్గరికొస్తే పని తీరు మార్చుకునేలా తయారై ఉంటాయి. అయస్కాంతాలున్న ఫోన్, ఛార్జర్ ఆ పరికరానికి 15 సెంటీమీటర్ల కంటే దూరంగా, వైర్‌లెస్ ఛార్జింగ్ జరుగుతుంటే 30 సెంటీమీటర్ల కంటే దూరంగా ఉంచమని ఐఫోన్ కంపెనీ చెబుతుంది. 30 సెంటీమీటర్లంటే బడిపిల్లల స్కేలు పొడవు. ప్యాడ్ ఆమె మంచం పక్కన స్టూలు మీద పెట్టకండి, వేరే గదిలో పెట్టండి. నాన్నగారు ఫోన్ జేబులో వేసుకుని ఆమెను లేపి కూర్చోబెట్టేటప్పుడు, ముందు ఫోన్ తీసి పక్కన పెట్టడం అలవాటు చేసుకోమనండి. ఆమెను చూసే గుండె డాక్టరుగారిని తర్వాత చెకప్‌లో ఒక మాట అడగండి, ఆ పరికరం మోడల్ ఆయనకు తెలుసు.

దీని అసలు విలువ నాకు తెలిసింది 2024 సెప్టెంబరులో. బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు ఇళ్లు మునిగిన రోజుల తర్వాత, నీళ్లు తీశాక, జనం ఫోన్లు కవర్లలో కట్టుకుని వచ్చారు. కొందరు బియ్యం డబ్బాలో పెట్టి తెచ్చారు. ఆ పని చెయ్యొద్దండీ, బియ్యం పొట్టు, నూక పిన్నులో ఇరుక్కుంటాయి తప్ప లోపలి నీరు లాగవు. బురద నీళ్లలో మునిగిన ఫోనును ఏ రకంగానూ ఛార్జింగ్ పెట్టకూడదు, ముందు విప్పి ఆరబెట్టాలి. కానీ వానలో తడిసి, పిన్నులో తేమ ఉంది, కేబుల్ పెట్టొద్దు అని హెచ్చరిక చూపించే వాటర్‌ప్రూఫ్ ఫోన్లు కొన్ని వచ్చాయి. వీపు తుడిచి ప్యాడ్ మీద పెడితే ఎక్కాయి. నాలుగు రోజులుగా ఇంట్లోవాళ్లతో మాట్లాడలేదన్న ఒకావిడ, ఏడు శాతం చూపించగానే అక్కడే నిలబడి ఫోన్ చేసింది. నా కౌంటర్ మీద ప్యాడ్ ఆ వారం ఖాళీ లేదు.

ఇంకోటి. వైర్‌లెస్ ఉంది కదా అని పిన్నును గాలికి వదిలేయకండి. సాఫ్ట్‌వేర్ పోయినా, కంప్యూటర్‌కి తగిలించి ఫోటోలు తీయాలన్నా మాకు ఆ రంధ్రమే కావాలి. సిలికాన్ డస్ట్ ప్లగ్ అని చిన్న బిరడా దొరుకుతుంది, కూల్‌డ్రింక్ ఖరీదు. దాన్ని పెట్టి ఉంచండి. మాటల్లో మాట, ఇప్పుడున్న ఫోన్ ఇంకో ఏడాది లాగుతుందనుకుంటే, కొత్త ఫోన్ కొనేముందు ఈ బిరడా ఒక నెల పెట్టి చూడండి. అది చాలనిపిస్తే ఇరవై వేలు మిగిలినట్టే. మామూలు ఫోనుకు వెనక అతికించే రిసీవర్ స్టిక్కర్లు కూడా అమ్ముతారు, పలచటి చుట్ట, దాని తోక పిన్నులో దూరి ఉంటుంది. 5 వాట్లే ఎక్కుతుంది, గంటల తరబడి పడుతుంది, పౌచ్ తీసినప్పుడల్లా తోక నలిగి నెలల్లోనే తెగుతుంది. నేనైతే అమ్మను.

ఫోన్ మోడల్ ఏమిటో మీరు రాయలేదు. బెజవాడ వచ్చే పని ఉంటే ఫోనూ, రెండోసారి మార్చినప్పుడు తీసిన పాత స్ట్రిప్ మీ దగ్గర ఉంటే అదీ పట్టుకురండి, కిలుం వల్ల పోయిందో, డూప్లికేట్ స్ట్రిప్ వేశారో చూసి చెప్తాను. వచ్చే ముందు పొడి బ్రష్షుతో ఒకసారి పిన్ను బయట దులపండి. మా కుర్రాడు గుంటూరు ఫోన్ అనగానే ఇప్పటికీ కర్చీఫు వెతుక్కుంటున్నాడు.